గొట్టం పొడవు, చోక్: కొత్తవారికి ఒక మాట

సంపాదకులకు నమస్కారం.

షాట్‌గన్ గొట్టం ఎంత పొడవుంటే గుళ్లు అంత దూరం పోతాయని కొత్తవారు ఇప్పటికీ నమ్ముతున్నారు. నిజం కాదు. 28, 32 అంగుళాల గొట్టాల మధ్య గుళ్ల వేగంలో తేడా స్వల్పమే. పొడవైన గొట్టానికి ముందు బరువు ఎక్కువ. గురి కుదుపు లేకుండా సాగుతుంది. ట్రాప్‌కు (మనకు దూరంగా ఎగిరిపోయే మట్టి పళ్లేలను కాల్చే పోటీకి) 30, 32 నప్పేది అందుకే.

చోక్ అంటే గుళ్లు ఎంత వెడల్పుగా చెదరాలో నిర్ణయించే, గొట్టం మూతి దగ్గరి ఇరుకు. దాని విషయంలో నేనే ఒక ఏడాది పోగొట్టుకున్నాను. స్కీట్ పోటీలో రెండు పక్కల నుంచి ఎగిరే మట్టి పళ్లేన్ని సుమారు 20 గజాల్లోనే కొడతాం. అక్కడ బాగా ఇరుకైన ఫుల్ చోక్ బిగించి, తగిలిన పళ్లెం నల్లని పొడిగా రాలుతుంటే మురిసిపోయేవాణ్ణి. తప్పినవాటిని పట్టించుకోలేదు. చివరికి అదే దూరంలో పెద్ద కాగితం కట్టి కాల్చాను. గుళ్లన్నీ మూరెడు వెడల్పులోనే గుమిగూడాయి! ఆ సాయంత్రమే గుళ్లు వెడల్పుగా పరుచుకునే స్కీట్ చోక్‌కు మారాను. తుపాకీ కొనేవారు ముందు ఆ కాగితం పరీక్ష చేయాలని నా విన్నపం.

— ఒక స్కీట్ క్రీడాకారుడు