వీసీ గారికి, మన లైబ్రరీ గురించి ఓ మాటండి

నమస్కారమండి. అమలాపురం, రాజోలు వైపు నుంచి బస్సెక్కి వచ్చే మా పీహెచ్‌డీ స్కాలర్లకి థీసిస్ రాయడం కంటే దాన్ని ఒడ్డుకి చేర్చడమే కష్టంగా ఉందండి. 2018 యూజీసీ రూల్స్ ప్రకారం సిమిలారిటీ, అంటే థీసిస్‌లో వేరేవాళ్ళ రాతలతో కలిసే భాగం, 10 శాతం దాటితే దిద్ది మళ్ళీ ఇవ్వాలి, కానీ సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఆ సిమిలారిటీ రిపోర్టులో ఏది నిజంగా కాపీయో ఏది అందరూ వాడే మాటో కూర్చోబెట్టి చూపించేవాళ్ళు లేరు, దాంతో పిల్లలు బయట షాపుల్లో డబ్బులు పోసి వాక్యాలు తిరగరాయించుకుంటున్నారు, ఇది చాలా అన్యాయమండి. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకంలో ప్రభుత్వ యూనివర్సిటీలకి దాదాపు 13,000 జర్నల్స్ వస్తున్నాయి, ఆ సంగతే చాలామందికి తెలీదు. వారానికో పూట లైబ్రేరియన్ గారిని మా డ్రాఫ్టుల కోసం కేటాయించండి, జొటెరో అనే సాఫ్ట్‌వేర్‌లో రిఫరెన్సులు పెట్టడం, డబ్బులు తీసుకుని సరిగ్గా చూడకుండానే అచ్చేసే దొంగ జర్నల్‌ని గుర్తుపట్టడం నేర్పమనండి. శనివారమైతే దూరాన్నించి వచ్చేవాళ్ళకి వీలవుద్దండి.