వార్షిక నివేదిక: ప్రత్యేక అవసరాలు గల విద్యార్థుల కొత్త పాఠశాల భవన ప్రణాళిక

గౌరవ సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

పాత పాఠశాల భవనానికి మళ్లీ మళ్లీ మరమ్మతులు చేయించడం కన్నా దాని స్థానంలో కొత్తది కట్టడమే మేలని గత సర్వసభ్య సమావేశం తీర్మానించిన సంగతి సభ్యులకు గుర్తుండే ఉంటుంది. ఆ తీర్మానం మేరకు ఏర్పడిన నిర్మాణ ఉపసంఘం ఈ ఏడాదంతా చేసిన పనిని మీ ముందుంచుతున్నాం. ఇంతవరకు ఒక్క ఇటుక కూడా పేర్చలేదు, తుది ప్లానూ సిద్ధం కాలేదు. ఏడాది గడిచినా పునాది పడలేదేమని కొందరు సభ్యులు అడిగారు, అది న్యాయమైన ప్రశ్నే. ఆర్కిటెక్ట్ ప్లాను గీయడం మొదలుపెట్టకముందే, ఈ భవనంలో ప్రతి పిల్లవాడి రోజు ఎలా గడవాలో మనమే రాసి ఇవ్వాలని ఉపసంఘం నిర్ణయించుకుంది. ఆ అవసరాల పత్రానికే ఏడాది పట్టింది. ఇన్ని తరగతి గదులు, ఒక హాలు, ఒక ఆఫీసు అని జాబితా ఇచ్చి ఊరుకుంటే పని నెలలోపే ముగిసేది, కాని వచ్చే భవనం రంగులో తప్ప మరెందులోనూ పాతదానికి భిన్నంగా ఉండేది కాదు.

పాత భవనంలో గమనించినవి

తొలి పనిగా ఉపసంఘం సభ్యులు వంతులవారీగా వారం రోజులు పాఠశాలలో కూర్చుని, ఉదయం బస్సు వచ్చినప్పటి నుంచి సాయంత్రం చివరి పిల్లవాడు వెళ్లేవరకు ఏ గదిలో ఏం జరుగుతోందో రాసుకున్నారు. కార్యవర్గం ఈ ఏడాది తీసుకున్న నిర్ణయాలన్నిటిలో ఇదే ఎక్కువ ఉపయోగపడింది.

అందరమూ తరగతి గదుల ఇరుకు గురించే ఫిర్యాదులు వింటామని అనుకున్నాం. రాసుకున్న పుస్తకాల్లో మాత్రం గుమ్మం, నడవా, మరుగుదొడ్డి, సామాను గది, ఈ నాలుగే పదే పదే కనబడ్డాయి. బస్సులన్నీ ఒకేసారి వస్తాయి, వీల్‌చెయిర్‌లో ఉన్న ఒక్కొక్కరిని దింపడానికి చాలాసేపు పడుతుంది, అంతసేపూ మిగతావారు ఎండలోనో వానలోనో వేచి ఉంటారు. ఆ నిరీక్షణలోనే బెదిరిపోయిన పిల్లవాడు మొదటి పీరియడంతా కుదురుకోలేడు. గుమ్మం ముందున్న మూడు మెట్ల మీద వేసిన చెక్కను ఇన్నేళ్లుగా ర్యాంప్ అని పిలుస్తున్నాం. మెట్టుకు 15 సెంటీమీటర్ల చొప్పున 45 సెంటీమీటర్ల ఎత్తు ఎక్కాలంటే, సాధారణంగా ఆమోదించే 1:12 వాలు (ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు) ప్రకారం ర్యాంప్ 5.4 మీటర్ల పొడవుండాలి. మన చెక్క అందులో సగం కూడా లేదు. ఆయాలు దాని మీద వీల్‌చెయిర్‌ను నెట్టడం లేదు, ఎత్తి మోస్తున్నారు.

సామాను గది విషయంలో ఉపసంఘం అంచనా పూర్తిగా తప్పింది. నిలబడడానికి సాయపడే ఫ్రేములు, వాకర్లు, ప్రత్యేక కుర్చీలు, వాడకంలో లేని వీల్‌చెయిర్లు అన్నీ నడవాలో గోడవారనే ఉంటున్నాయి. పిల్లవాడు రోజులో రెండు మూడు పరికరాలు మారతాడు, మారిన ప్రతిసారీ వదిలేసిన పరికరానికి చోటు కావాలి. ఇలాంటి బడిలో సామాను గది ఉంటేనే నడవా నడవాగా ఉంటుంది. అందుకే ప్రతి రెండు తరగతి గదుల మధ్య, రెండువైపుల నుంచీ తలుపులున్న ఒక నిల్వ గది ఉండాలని పత్రంలో రాశాం. ఖర్చు తగ్గించాల్సి వస్తే ముందుగా కొట్టివేసేది ఇలాంటి గదులనే కనుక, దీన్ని తొలగించాలంటే కార్యవర్గం అనుమతి తప్పనిసరి అన్న వాక్యం కూడా చేర్చాం.

బట్టలు మార్చే గది గురించి మాట్లాడడానికి మొదట అందరమూ మొహమాటపడ్డాం. సొంతంగా మరుగుదొడ్డి వాడుకోలేని పెద్ద పిల్లలను, పదహారేళ్ల కుర్రవాణ్ని కూడా, ఇద్దరు ఆయాలు చేతులతో ఎత్తి ఎత్తు తక్కువ బల్ల మీద పడుకోబెడుతున్నారు. ఆయాలందరికీ నడుము నొప్పే. ఆ కుర్రవాడికి అక్కడ తెర కూడా లేదు. బ్రిటన్‌లో ఇలాంటి అవసరాల కోసం 2006లో మొదలైన ఉద్యమం ఫలితంగా రూపొందిన ప్రమాణం, ఈ గది కనీసం 12 చదరపు మీటర్లు ఉండాలనీ, ఎత్తు సర్దుకునే పెద్ద బల్ల, పైకప్పు పట్టాలకు వేలాడుతూ మనిషిని పైకెత్తే యంత్రం (హాయిస్ట్) ఉండాలనీ చెబుతుంది. హాయిస్ట్ పట్టాలు మోయడానికి పైకప్పు బలాన్ని ముందే లెక్కకట్టాలి. తరువాత బిగిద్దామంటే సాధ్యం కాకపోవచ్చు, సాధ్యమైనా ఖర్చు పెరుగుతుంది.

నేల మీద గీసి చూసిన గదులు

అవసరాల పత్రంలో కొలతలు రాసే ముందు, హాలు నేల మీద సుద్దతోనూ అట్టలతోనూ మూడు గదులను అసలు పరిమాణంలో గీసి, పిల్లలనూ ఉపాధ్యాయులనూ వాటిలో తిరగమన్నాం. వీల్‌చెయిర్ తిరగడానికి 1500 మిల్లీమీటర్ల వ్యాసం, తలుపు తెరిచాక 900 మిల్లీమీటర్ల ఖాళీ చాలునని పుస్తకాల్లో ఉంది. కాళ్లు చాచి వెనక్కి వాలి కూర్చునే కుర్చీ, దాన్ని నెట్టే మనిషి, పక్కన బల్లకు ఆనుకున్న మరో కుర్చీ, ఈ మూడూ కలిసేసరికి ఆ వలయం చాలలేదు. ఆ కొలతలు చాలావరకు తన కుర్చీని తానే తిప్పుకునే మనిషిని ఊహించి పెట్టినవి. మన పిల్లల్లో చాలామందికి వెనక నెట్టేవారు ఉంటారు. అందుకని ఆ అంకెలను కనీస పరిమితులుగానే తీసుకుని, తరగతి గదుల్లోనూ మరుగుదొడ్లలోనూ అంతకంటే ఎక్కువ చోటు అడిగాం. నేల విస్తీర్ణం పెరుగుతోందని అభ్యంతరం చెప్పిన ఒక సభ్యుడు, ఆ సుద్ద గీతల మధ్య తానే ఒక కుర్చీని నెట్టి చూసి అభ్యంతరాన్ని వెనక్కి తీసుకున్నారు.

ఒకరికి మేలు, మరొకరికి ఇబ్బంది

ఎక్కువ సమావేశాలు ఈ ఒక్క అంశం మీదే సాగాయి. ప్రత్యేక అవసరాలని ఒకే మాటలో అంటాం గాని, ఒక గదిలో కూర్చునే ఎనిమిది మందికి ఎనిమిది రకాల భవనాలు కావాలి. చూపు తక్కువగా ఉన్న అమ్మాయికి గోడకూ తలుపుకూ మధ్య రంగుల తేడా కొట్టొచ్చినట్టు కనబడాలి. అదే రంగుల తేడా, నేల మీద గళ్లుగానో చారలుగానో పడితే, ఆటిజం ఉన్న పిల్లవాడు దాన్ని దాటలేక ఆగిపోతాడు. చేతికర్రతో నడిచేవారికి దారి చూపే ఎగుడుదిగుడు పలకలు, జపాన్‌లో సెయిచి మియాకే 1965లో రూపొందించగా 1967లో ఒకాయామా నగరంలో తొలిసారి వేసినవి, నేడు ప్రపంచమంతటా ఉన్నాయి. అవే పలకలు వాకర్ చక్రాలకు అడ్డు తగులుతాయి. వీల్‌చెయిర్‌లోంచి అందేలా తలుపు గడియను కిందకు పెడితే, క్షణంలో బయటికి పరుగెత్తే పిల్లవాడికీ అది అందుతుంది.

వినికిడి లోపం ఉన్న పిల్లల అవసరం ఇంకో రకం. వాషింగ్టన్‌లోని గాలాడెట్ విశ్వవిద్యాలయంలో హాన్సెల్ బామన్ అనే ఆర్కిటెక్ట్ 2005 నుంచి బధిరులతో కలిసి రూపొందించిన సూత్రాలు, సంజ్ఞా భాషలో మాట్లాడుకుంటూ ఇద్దరు పక్కపక్కనే నడిచేంత వెడల్పు నడవాలు, మూల తిరగకముందే అవతలివారు కనబడే ఏర్పాటు, ముఖం మీద నీడ పడని వెలుతురు కావాలంటాయి. మరోవైపు ఈజిప్టు ఆర్కిటెక్ట్ మగ్దా ముస్తఫా ఆటిజం ఉన్నవారి కోసం రూపొందించిన ఏడు సూత్రాల్లో శబ్ద నియంత్రణ, చోటును చిన్న చిన్న భాగాలుగా విడదీయడం, ఉక్కిరిబిక్కిరైనప్పుడు తప్పుకునే మూల వంటివి ఉన్నాయి. ఒకటి తెరిచి ఉంచమంటుంది, రెండోది మూసి ఉంచమంటుంది. రెండూ నిజమే.

ఈ చిక్కుకు ఉపసంఘం ఒకే పరిష్కారం వెతకలేదు. నడవాలూ అందరూ కలిసే చోట్లూ విశాలంగా, దూరానికి కనబడేలా ఉండాలనీ, తరగతి గదికి ఆనుకుని తలుపు వేసుకోగల చిన్న నిశ్శబ్ద గది ఒకటి ఉండాలనీ, రంగుల తేడా గోడలకూ తలుపు చట్రాలకూ మాత్రమే పరిమితం కావాలనీ, నేల ఒకే రంగులో మెరుపు లేకుండా ఉండాలనీ రాశాం. దారి చూపే ఏర్పాటును నేల మీద కాక గోడ మీద పెట్టాలన్నది మా సూచన. ఇందుకు స్ఫూర్తి గ్లాస్గోలో 2007లో తెరిచిన హేజిల్‌వుడ్ పాఠశాల. చూపు, వినికిడి రెండింటిలోనూ లోపం ఉన్న పిల్లల కోసం ఆర్కిటెక్ట్ అలన్ డన్‌లప్ అక్కడ వంపులు తిరిగే నడవా పొడవునా కార్క్ తొడిగిన గోడను కట్టించారు. పిల్లలు దాన్ని తడుముకుంటూ తామే దారి తెలుసుకుంటారు.

నిశ్శబ్ద గది విషయంలో ఉపాధ్యాయులు ఒక హెచ్చరిక చేశారు. అది పిల్లవాడు తనంతట తాను వెళ్లి తనంతట తాను రాగలిగే చోటు కావాలి. బయటి నుంచి గడియ పెట్టే వీలుంటే ఏదో ఒక రోజు అది శిక్ష గది అవుతుంది. గడియ ఉండకూడదని స్పష్టంగా రాశాం.

శబ్దం గురించి అంకెలే చెప్పడం మేలు. తరగతి గదిలో నేపథ్య శబ్దం 35 డెసిబెల్స్ దాటకూడదనీ, మారుమోత (శబ్దం ఆగాక కూడా గదిలో మోగుతూ ఉండే సమయం) 0.6 సెకన్లకు మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. వినికిడి యంత్రం చెవికి చేరే శబ్దాలన్నిటినీ పెంచుతుంది గాని మారుమోతను పూర్తిగా వడకట్టలేదు. ఆ కారణంగా ఇలాంటి కొత్త తరగతి గదులకు బ్రిటన్ ప్రమాణాలు 0.4 సెకన్లే అనుమతిస్తాయి. మనమూ ఆ అంకెనే అడిగాం. వెలుతురుకు సంబంధించి, పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు 50 హెర్ట్జ్ విద్యుత్తు మీద సెకనుకు 100 సార్లు మినుకుమంటుందని మనలో చాలామందికి తెలియదు. అది కంటికి కనబడకపోయినా కొందరు పిల్లలను అలసటకు గురిచేస్తుంది. దీపం కింద తిరిగే ఫ్యాన్ రెక్కల నీడ అంతకన్నా చెడ్డది, మూర్ఛ ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పారు. దీపాలను ఫ్యాన్ల కిందికి వచ్చేలా అమర్చాలని పత్రంలో చేర్చాం.

స్థలం, విడిగానా కలిపా

కార్యవర్గం ఏకాభిప్రాయానికి రాలేకపోయిన అంశం ఇది ఒక్కటే. ఉన్న ఆవరణలోనే విడతలవారీగా కట్టడం ఒక మార్గం, సాధారణ పాఠశాలకు ఆనుకుని ఉన్న ఖాళీ స్థలంలో కట్టడం రెండోది. మొదటి దానిలో దారి మారదు, కాని కట్టినంతకాలం డ్రిల్లింగు చప్పుడు, దుమ్ము మధ్య పాఠాలు సాగాలి. చిన్న శబ్దానికే చెవులు మూసుకునే పిల్లలకు అది భరించరానిది.

రెండో మార్గం మరింత మౌలికమైన ప్రశ్నను లేవనెత్తింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు అందరితో కలిసి చదవడమే మొదటి పద్ధతి కావాలని స్పెయిన్‌లోని సలమాంకాలో ప్రత్యేక అవసరాల విద్యపై జరిగిన ప్రపంచ సదస్సు 1994లో చేసిన సలమాంకా ప్రకటన అంటుంది. వికలాంగుల హక్కులపై 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడికలోని 24వ అధికరణం అందరినీ కలుపుకొనే విద్యను హక్కుగా గుర్తించింది. అలాంటప్పుడు మళ్లీ ప్రత్యేక భవనం ఎందుకని ఇద్దరు సభ్యులు లిఖితపూర్వకంగా అడిగారు. వారి లేఖలను యథాతథంగా ఈ నివేదికకు జతచేశాం. రోజంతా నర్సు పర్యవేక్షణ అవసరమైన పిల్లలకు ఇప్పుడున్న సాధారణ తరగతి సిద్ధంగా లేదన్నది మెజారిటీ వాదన. ఆ సిద్ధత రావాలంటే ఎక్కడో ఒకచోట గోడ తగ్గాలన్నది ఆ ఇద్దరి వాదన. చివరకు మెజారిటీ రెండో స్థలానికే మొగ్గింది. అయితే గ్రంథాలయం, ఆటస్థలం, భోజనశాల రెండు బడులూ పంచుకునేలా మధ్యలో ఉండాలనీ, ప్రవేశ ద్వారం ఒక్కటే ఉండాలనీ షరతు పెట్టింది. ఈ షరతు ఆ ఇద్దరి వల్లే వచ్చిందని ఇక్కడ నమోదు చేస్తున్నాం.

భవనం ఒకే అంతస్తులో ఉండాలని నిర్ణయించాం. అగ్నిప్రమాద సమయంలో మామూలు లిఫ్ట్ వాడకూడదు కనుక, పై అంతస్తులోని వీల్‌చెయిర్లను మెట్ల మీదుగా దించాల్సి వస్తుంది. ఒకే అంతస్తయితే, మంటను కొంతసేపు ఆపగల గోడలతో భవనాన్ని విభజించి, పిల్లలను ముందు పక్క భాగంలోకి, తరువాత ఆరుబయటకు తరలించవచ్చు. ముఖద్వారం దగ్గర ఎత్తైన హాలు కావాలన్న ప్రతిపాదనను తిరస్కరించాం. ఆ విస్తీర్ణాన్ని బస్సులు ఆగే చోట కప్పు వేయడానికి మళ్లించాం.

మారే రోజు

కొత్త భవనం ఎంత బాగున్నా, మార్పే కష్టమైన పిల్లలకు అది మొదట అపరిచితమైన చోటే. అందువల్ల తరలింపు కూడా ప్రణాళికలో భాగమేనని భావించి ఉపాధ్యాయుల సలహాలు తీసుకున్నాం. గోడలు లేచినప్పటి నుంచి నెలనెలా ఫొటోలు తీసి, ఒక్కో పిల్లవాడికి తన గది, తన కుర్చీ, తన తలుపు ఉన్న చిన్న పుస్తకం చేసి ఇవ్వాలి. తరలింపునకు ముందు కొద్దిమంది చొప్పున పలుమార్లు తీసుకెళ్లి కాసేపు గడిపించాలి. పాత తరగతుల తలుపుల రంగులే కొత్త తలుపులకూ ఉండాలి. పాత వరండాలోని చెక్క బెంచీ కూడా కొత్త భవనానికి రావాలని ఉపాధ్యాయులు పట్టుబట్టారు. మాటలు రాని ఒక అమ్మాయి రోజూ బడిలోకి రాగానే ముందు దాని మీద కూర్చుని, ఆ తరువాతే తరగతికి వెళుతుంది. సామాన్ల జాబితాలో ఆ బెంచీ పేరు మొదటి వరుసలో ఉంది.

జమాఖర్చుల వివరాలను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. అవసరాల పత్రం ముసాయిదా ప్రతులు పాఠశాల ఆఫీసులో ఉన్నాయి. సర్వసభ్య సమావేశం ఆమోదించాకే దాన్ని ఆర్కిటెక్టులకు పంపుతాం, వారి నుంచి వచ్చే తొలి ప్లాన్లనూ మళ్లీ హాలు నేల మీద గీసి చూస్తాం. బస్సు డ్రైవర్ల అభిప్రాయాలు ముసాయిదాలో చేరలేదని గత వారం గుర్తించాం. సమావేశానికి ముందే వారితో కూర్చుని ఆ లోటు పూరిస్తాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి