సహాయకుడు రాసిన సన్నివేశానికి పేరు ఎవరిది?

సంపాదక మహాశయులకు,

రచయితలు కావాలనుకునే యువతీయువకులకు "ముందు టెలివిజన్‌లో ఏదో ఒక చిన్న ఉద్యోగంలో చేరండి, ఆ తరువాత దారి దానంతట అదే దొరుకుతుంది" అనే సలహా పత్రికలలోనూ, ఇంటర్వ్యూలలోనూ తరచుగా కనిపిస్తోంది. సీరియళ్ల నిర్మాణంలో సహాయకుడిగా పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడు స్క్రీన్‌ప్లేలు రాసుకుంటున్నవాడిగా ఈ సలహాలో సగం నిజమని నేనూ ఒప్పుకుంటాను. మిగతా సగం గురించి ఎవరూ మాట్లాడడం లేదు కాబట్టే ఈ లేఖ రాస్తున్నాను.

ఆ నిజమైన సగం తక్కువదేమీ కాదు. షూటింగులో నటుల పక్కన నిలబడి మాటలు అందించే ప్రాంప్టింగ్ పని సాధారణంగా మాబోటి కిందిస్థాయి వారి మీదే పడుతుంది. కాగితం మీద గంభీరంగా కనిపించిన వాక్యం ఎక్కడ ఊపిరి అందక తెగిపోతుందో, ఏ ఒత్తక్షరాలు పక్కపక్కన పడితే నటుల నాలుక తడబడుతుందో, ఏ మాట తీసేసినా సన్నివేశానికి నష్టం లేదో ఆ పనిలో తెలిసినంతగా నాకు మరెక్కడా తెలియలేదు. స్క్రిప్టు కాగితాలు చూసే పనీ అంతే. సన్నివేశాల సంఖ్యలు ఒకసారి ఖరారయ్యాక వాటిని మార్చరు. 12వ సన్నివేశాన్ని తీసేస్తే ఆ అంకె ఖాళీగానే ఉండిపోతుంది, దాని తరువాత కొత్తది చేరిస్తే అది 12ఏ అవుతుంది. అప్పటికే దుస్తుల విభాగం మొదలుకొని ఎడిటింగ్ దాకా అందరూ ఆ అంకెలనే పట్టుకుని పని మొదలుపెట్టి ఉంటారు. ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషం అవుతుందని, ఆ పేజీని ఎనిమిది భాగాలుగా లెక్కగట్టి రోజు షెడ్యూలు వేస్తారని తెలిసిన రచయిత, "ఇంతలో ఊరంతా పోగయ్యింది" అని ఒక్క ముక్కలో రాసేసే ముందు కాస్త ఆగుతాడు. ఆ ముక్క పేజీలో ఎనిమిదో వంతు కూడా ఉండదు, కానీ దానిని తీయడానికి పూట గడిచిపోతుంది.

ఇక మిగతా సగం సంగతి. ఈ ఉద్యోగంలో రాణించడానికి కావలసిన గుణాలు వేరు, రచనకు కావలసినవి వేరు. పిలిచిన వెంటనే పలకడం, నలుగురి కోపాన్ని ఒకేసారి భరించడం, ప్యాకప్ (ఆ రోజు షూటింగ్ ముగింపు) ఎప్పుడవుతుందని అడగకపోవడం ఇక్కడ గొప్ప లక్షణాలు. ఇవన్నీ ఉన్న సహాయకుడిని ఏ నిర్మాణ సంస్థా వదులుకోదు, వదులుకోదు కనుకనే అతడిని రచన వైపు పంపడానికీ ఇష్టపడదు. బాగా పనిచేస్తే పైకి వస్తామని అందరూ అంటారు గానీ, బాగా పనిచేసినందుకే అక్కడే ఉండిపోయిన వారిని నేను ఎక్కువగా చూశాను.

అంతకంటే బాధ కలిగించే విషయం మరొకటి ఉంది. కథా చర్చలలో కూర్చోనివ్వడమే మహాభాగ్యమన్నట్లు మాట్లాడతారు. మర్నాటి షూటింగుకు సీన్ సిద్ధంగా లేకపోతే మాత్రం "నువ్వే ఏదో ఒకటి రాసెయ్" అంటారు. అలా నేను రాత్రికి రాత్రి రాసిచ్చిన సన్నివేశాలు దాదాపు మార్పు లేకుండా ప్రసారమయ్యాయి. టైటిల్స్‌లో నా పేరు మాత్రం ప్రొడక్షన్ సహాయకుల వరుసలోనే ఉంది, జీతమూ అదే. ఆలోచనకు కాపీరైటు రక్షణ ఉండదు, రాసిన రూపానికే ఉంటుంది. అందువల్ల చర్చలో నోటిమాటగా చెప్పిన మలుపు మనదని తరువాత నిరూపించుకోవడం దాదాపు అసాధ్యం. రాసి ఇచ్చినదైనా, ఉద్యోగంలో భాగంగా చేసిన రచన యజమానికే చెందుతుందని చాలా దేశాల చట్టాలు చెబుతున్నాయి. అయితే మా నియామక పత్రాలలో రచన అనే పని ప్రస్తావనే ఉండదు. జీతం దగ్గర అది మా పని కాదు, హక్కుల దగ్గర మాత్రం మా పనే అవుతుంది! పైగా ఉద్యోగంలో ఉన్నంతకాలం సృష్టించినదంతా సంస్థదేనని కొన్ని ఒప్పందాలలో ఒక వాక్యం ఇరికిస్తారు. ఇంట్లో రాసుకున్న సొంత స్క్రిప్టు కూడా ఆ వాక్యం కిందికి వస్తుందో రాదో సంతకానికి ముందే అడిగి తేల్చుకోవాలి.

ఇది ఒక్కచోటి సమస్య కాదు. అమెరికాలో ఒక సీరియల్ రచయితలంతా కలిసి కూర్చుని కథ తయారుచేసే బృందాన్ని "రచయితల గది" అంటారు. ఆ గదిలో కూర్చుని చర్చలను రాసిపెట్టే సహాయకులకు, స్క్రిప్టు ప్రతులను సరిచూసి అందరికీ అందించే స్క్రిప్టు కోఆర్డినేటర్లకు ఐఏటీఎస్‌ఈ అనే వినోదరంగ కార్మికుల సమాఖ్య 871వ శాఖ రూపంలో కార్మిక సంఘం ఉంది. అక్కడ 2023 మే 2న మొదలై 148 రోజులు సాగిన రచయితల సమ్మెలో ఒక ప్రధాన ఫిర్యాదు ఏమిటంటే, రచయితల గదులలో రచయితల సంఖ్య తగ్గిపోయి కొత్తవారికి షూటింగ్ చూసి నేర్చుకునే అవకాశమే లేకుండా పోతోందని. సమ్మె తరువాతి ఒప్పందంలో రచయితల కనీస సంఖ్యకు సంబంధించిన నిబంధనలు చేరాయి. వారేమో రచయితలుగా ఉండి సెట్టు మీదికి రానివ్వమని అడిగారు, మేము సెట్టు మీదే ఉండి రచయితలుగా లెక్కించమని అడుగుతున్నాం.

రోజువారీ సీరియల్‌లో పది చేతులు పడతాయని, ఏ వాక్యం ఎవరిదో తేల్చలేమని నిర్మాతలు అనవచ్చు. వాక్యం సంగతి నిజమే కావచ్చు. పూర్తి సన్నివేశం ఎవరు పంపారో, ఏ తేదీన పంపారో ఫోన్‌లోనే ఉంటుంది. సహాయకుడు రాసిన సన్నివేశం ప్రసారమైతే దానికి వేరుగా పారితోషికం ఇవ్వాలని, "అదనపు రచన" కింద పేరు వేయాలని నియామక పత్రంలోనే రాయడం కష్టమేమీ కాదు. పేరు వేయడానికైతే ఖర్చు కూడా లేదు.

మీ పత్రికకూ ఒక విన్నపం. చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి పేరు తెచ్చుకున్న రచయితలను ఇంటర్వ్యూ చేసేటప్పుడు, వారు అలా ఎన్నేళ్లు ఉన్నారో, ఆ కాలంలో ఇల్లు ఎవరి సంపాదనతో గడిచిందో, రచనకు మొదటిసారి డబ్బు ఎప్పుడు అందిందో కూడా దయచేసి అడిగి ప్రచురించండి.

భవదీయుడు,
ఒక టెలివిజన్ సహాయకుడు