ఆట అట్లనే ఉందిరా, ఊరే జారిపోతుంది

ఒరేయ్ మహేష్,

మొన్న ఫోన్ల నువ్వు "ఇగ ఫుట్‌బాల్ చూసుడు బందురా, సబ్‌స్క్రిప్షన్ గూడ తీసేసిన, అదిప్పుడు ఆట కాదు దందా" అని ఒక్క ముక్క చెప్పి వేరే ముచ్చట్లకు పోయినవ్. నాకు మాత్రం ఆ మాట ఇంకా మనసుల తిరుగుతనే ఉంది. ఫోన్ చేస్తే నువ్వు నన్ను సగంల ఆపుతవ్, అందుకే కూసోని రాస్తున్న, పొడుగైతది, ఆఫీసుల చదవకు, ఇంటికి పోయినంక తీరిగ్గ చదువు.

హాస్టల్ల చాంపియన్స్ లీగ్ కోసం పరీక్షల ముందు రోజు గూడ నిద్ర కాసినోడివి, నువ్వే విడిచిపెట్టినవంటే ఊకెనే విడిచిపెట్టవని నాకు తెలుసు. నీ కోపంల చాలా భాగం నాది గూడ. ఆ కోపం దేని మీద రావాలె అన్నకాడనే మనిద్దరికి తేడా.

ముందు వీఏఆర్ సంగతి, అదే, రూంల కూసోని వీడియో చూసి రిఫరీ నిర్ణయాలు సరిచేసే పద్ధతి, నువ్వు ఎక్కువ తిట్టేది దాన్నే కదా. 2019 ఏప్రిల్ 17 యాదికుందా, చాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్, మాంచెస్టర్ సిటీ, టాటెన్‌హామ్. ఇంజూరీ టైంల సిటీ ఆటగాడు స్టెర్లింగ్ గోల్ కొట్టిండు, వాళ్ళ కోచ్ గార్డియోలా గంతులేసుకుంట ఉరికిండు, స్టేడియం మొత్తం లేచింది, సిటీ సెమీస్‌కు పోయిందనే అనుకున్నరు అందరు. కొద్దిసేపటికి గోల్ లేదన్నరు, సిటీదే ఆగ్వెరో ఆఫ్‌సైడ్‌ల (గోల్ దిక్కు ఉండకూడనంత ముందల) ఉన్నడు, రెండు మ్యాచ్‌లు కలిపి 4-4, బయటి గ్రౌండ్ల కొట్టిన గోల్స్ లెక్కన టాటెన్‌హామ్ ముందుకు పోయింది. నిర్ణయం కరెక్టే, దానితోని నాకు పంచాయితి లేదు. కానీ ఆ రాత్రి తర్వాత నేను గోల్ పడంగనే లేచి అరుసుడు తగ్గింది, ముందు రిఫరీ దిక్కు చూస్తున్న, ఆయన చెయ్యి చెవి మీదికి పోయిందా లేదా అని. ఫుట్‌బాల్ల గోల్ అనేది ఎంత తక్కువ పడ్తదో నీకు తెలుసు, తొంబై నిమిషాలు కూసుంటే ఒకటో రెండో, ఆ ఒక్క క్షణం కోసమే కదా మిగతాదంతా. ఆ క్షణాన్నే "ఆగండి, చెక్ చేస్తున్నం" అని పెండింగ్‌ల పెట్టిండ్రు.

పోనీ తప్పులన్న పోయినయా అంటే, 2023 సెప్టెంబర్ 30న టాటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ కొట్టిన గోల్ చక్కటి గోల్, గ్రౌండ్ల ఆఫ్‌సైడ్ ఇచ్చిండ్రు, వీఏఆర్ రూంల కూసున్నోళ్ళేమో గ్రౌండ్ల గోల్ ఇచ్చిండ్రనుకోని "చెక్ అయిపోయింది" అన్నరు, ఆట మల్ల మొదలైంది, తప్పని తెలిసినంక గూడ ఆపలేకపోయిన్రు. నాకు అన్నిటికన్న బాధైంది ఏందంటే, పైసలు పెట్టి స్టేడియంకు పోయినోనికి ఏం చెక్ చేస్తున్నరో సరిగ్గ తెల్వదు, ఇంట్ల సోఫా మీద కూసున్న నాకు గీతలు గీసి, బొమ్మ ఆపి, నాలుగు దిక్కుల నుంచి చూపిస్తరు. ఆట ఎవరి కోసం నడుస్తుందో అక్కడనే అర్థమైతది.

పైసల సంగతి గూడ మాట్లాడాలె. 1992ల ఇంగ్లండ్ల ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు టీవీ డీల్ ఐదేండ్లకు 30 కోట్ల పౌండ్ల చిల్లర. 2025 నుంచి నడుస్తున్న డీల్ ఒక్క బ్రిటన్ దేశం వరకే నాలుగేండ్లకు 670 కోట్ల పౌండ్లు. దాని మీద బయటి దేశాల నుంచి వచ్చేది వేరే, అది లోపల వచ్చేదాన్ని గూడ దాటిపోయింది. అందుల నీ పైసలు నా పైసలు గూడ ఉన్నయ్ రా, ఎక్కడి ఊరి టీమ్‌లనో మన సొంతం అనుకోని ఇన్నేండ్లు చూసినం కదా. అట్లని పాతకాలం అంతా బంగారమని నేను అనను. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్ల హిల్స్‌బరో స్టేడియంల ఏమైందో మనిద్దరం చదివినం, మ్యాచ్ చూడ్డానికి పోయిన 97 మంది నలిగి చచ్చిపోయిన్రు, ఇంటికి రాలే. దాని తర్వాత వచ్చిన టేలర్ రిపోర్ట్‌తోనే పెద్ద క్లబ్బులన్నిట్ల నిలబడే స్టాండ్లు తీసేసి కుర్చీలు పెట్టిండ్రు, గ్రౌండ్లు భద్రంగ అయినయ్, అది జరగాల్సిన పనే. కానీ కుర్చీలతో పాటు టికెట్ రేట్లు గూడ పెరిగినయ్, ఆ స్టాండ్ల నిలబడ్డ కార్మికుల కొడుకులు కొంచెం కొంచెంగ బయటికి జరిగిన్రు, వాళ్ళ జాగల ఏడాదికోసారి వచ్చి ఫోటో దిగి పోయేటోళ్ళు వచ్చిన్రు.

దానికి వాళ్ళు ఊకున్నరా అంటే ఊకోలే. 2016 ఫిబ్రవరిల లివర్‌పూల్ ఓనర్లు ఒక టికెట్ 77 పౌండ్లు చేస్తమంటే, సండర్‌లాండ్ మ్యాచ్ల సరిగ్గ 77వ నిమిషంల వేలమంది లేచి బయటికి నడిచిన్రు. అప్పటికి లివర్‌పూల్ 2-0 లీడ్‌ల ఉంది, వాళ్ళు పోయినంక 2-2 అయింది. కొద్ది రోజుల్లనే ఓనర్లు వెనక్కి తగ్గిన్రు. 2021ల సూపర్ లీగ్ అని పన్నెండు పెద్ద క్లబ్బులు కలిసి వేరేటోళ్ళకు తలుపులు మూద్దామనుకున్నప్పుడు గూడ ఏప్రిల్ 18న ప్రకటిస్తే 20 నాటికి ఇంగ్లండ్ క్లబ్బులు ఆరు బయటికొచ్చినయ్, చెల్సీ గ్రౌండ్ ముంగట జనం రోడ్డు మీదికొచ్చిన్రు కాబట్టి. జర్మనీల ఇంకా చెప్పాలె, అక్కడ 50+1 అని రూల్ ఉంది, క్లబ్బుల ఓట్లల్ల ఎక్కువ భాగం మెంబర్ల చేతుల్లనే ఉండాలె, ఒకటి రెండు క్లబ్బులకు మినహాయింపు ఉన్నా మొత్తానికి పద్ధతి అదే. 2024ల లీగ్ టీవీ హక్కుల్ల వాటా బయటి ఇన్వెస్టర్‌కు అమ్ముదామని చూస్తే అభిమానులు మ్యాచ్ నడుస్తుంటే టెన్నిస్ బాల్స్ గ్రౌండ్ల ఇసిరిన్రు, వారాల పాటు, మ్యాచ్‌లు ఆగి ఆగి నడిచినయ్, ఫిబ్రవరిల ఆ డీల్ రద్దైంది. నువ్వేమో "అభిమాని చేతిల ఏం లేదు" అన్నవ్. ఉన్నది మహేష్, కాకపోతే ఊర్ల ఉండి, గ్రౌండ్‌కు పోయి, పది మందిల నిలబడేటోని చేతిల ఉన్నది.

మ్యాచ్‌లు మస్తు ఎక్కువైనయన్న మాట మాత్రం నూటికి నూరు పాళ్ళు నిజం. 2025ల క్లబ్ వరల్డ్ కప్ 32 టీమ్‌లు, 2026 వరల్డ్ కప్ 48 టీమ్‌లు 104 మ్యాచ్‌లు. 2024 సెప్టెంబర్ల మాంచెస్టర్ సిటీ ఆటగాడు రోడ్రి "ఆటగాళ్ళం సమ్మె చేసేదాక వచ్చింది" అన్నడు, అన్న కొద్ది రోజులకే మోకాలు పోయింది ఆయనకు. ఇంగ్లండ్ ఎఫ్ఏ కప్పుల రీప్లేలు (డ్రా అయితే మల్ల ఆడే మ్యాచ్‌లు) తీసేసిండ్రు క్యాలెండర్ల జాగ లేదని, చిన్న ఊరి టీమ్ పెద్ద టీమ్‌తోని డ్రా చేసుకుంటే రెండో మ్యాచ్ టికెట్ పైసలతోని ఏడాది గడిచేది, అది గూడ పాయె.

ఇగ అసలు ముచ్చట. నీకు నిజంగ నొప్పి కలిగించింది వీఏఆర్ కాదని, పైసలు గూడ కాదని నాకు అనిపిస్తది. మన హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్ ఊరు విడిచి పోయిన రోజు నుంచి నీ మాట మారింది.

మన ఊరికి ఫుట్‌బాల్ కొత్త గాదు కదా. మా తాత ఫతేమైదాన్ అనే అంటుండె, ఎల్బీ స్టేడియం అనకపోతుండె. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 54 దాక వరుసగ ఐదేండ్లు రోవర్స్ కప్ బొంబాయి పోయి కొట్టుకొచ్చింది. ఆ టీమ్ కోచ్ రహీం సాబే ఇండియా కోచ్‌గ 1956ల మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల ఇండియా నాలుగో స్థానం, 1962ల జకార్తాల సౌత్ కొరియాను 2-1తోని ఓడగొట్టి ఏషియన్ గేమ్స్ బంగారం, మరుసటేడు ఆయన క్యాన్సర్‌తోని పోయిండు. సికింద్రాబాద్ పిల్లగాడు తులసీదాస్ బలరాం ఆ టీమ్‌లల్ల ఆడిండు. ఇవన్ని నువ్వే నాకు చెప్పినవ్ ఫస్ట్ ఇయర్ల, నీ అంత గర్వంగ ఎవ్వరు చెప్పంగ నేను వినలే.

అసుంటి ఊరికి 2019ల ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) క్లబ్ వచ్చిందంటే మనం ఎట్ల ఎగిరినం. అది పుణె క్లబ్ మూతపడితే దాని జాగల వచ్చింది, అప్పుడు పుణెల దాన్ని చూసేటోళ్ళ గురించి మనం ఎక్కువ ఆలోచించలే. 2022 మార్చి 20, గోవాల ఫైనల్, కరోనా బబుల్ వల్ల సీజనంతా అక్కడనే ఆడిండ్రు, స్టేడియం నిండ కేరళ బ్లాస్టర్స్ పసుపు రంగే. వాళ్ళు ముందు కొట్టిన్రు, 88వ నిమిషంల మన సాహిల్ తవోరా దూరం నుంచి గాలిలనే తన్నిన బంతి ఇప్పటికి నా కండ్ల ముందల ఉంది, 1-1, తర్వాత పెనాల్టీలల్ల మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపిండు. మనం చాంపియన్లం! రెండేండ్లు తిరగలే, 2023-24ల జీతాలు అందలే, విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే పోయిన్రు, ఉన్న పిల్లగాండ్లతోని కోచ్ మానోలో లేని టీమ్ సీజన్ మొత్తంల ఒక్క మ్యాచ్ గెలిచింది. 2025ల క్లబ్ ఢిల్లీకి పోయింది, పేరు గూడ మారింది. గచ్చిబౌలిల అరిచినోళ్ళను ఎవ్వరన్న ఒక మాట అడిగిన్రా రా?

ఇంగ్లండ్ల ఇదే జరిగింది వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్‌కు. 1988ల లివర్‌పూల్‌ను ఓడగొట్టి ఎఫ్ఏ కప్ గెలిచిన క్లబ్, 2002ల దాన్ని దూరంల ఉన్న మిల్టన్ కీన్స్‌కు తీస్కపోనీకి పర్మిషన్ ఇచ్చిండ్రు. అభిమానులు ఏం చేసిండ్రంటే వింబుల్డన్ కామన్ అనే మైదానంల ట్రయల్స్ పెట్టి ఎవరన్న రండి ఆడండి అన్నరు, ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని కొత్త క్లబ్ పెట్టిండ్రు, తొమ్మిదో అంచెల మొదలువెట్టి 2011ల ఫుట్‌బాల్ లీగ్‌కు వచ్చిండ్రు, 2020 నవంబర్ల వాళ్ళ పాత వీధి ప్లౌ లేన్‌ల కొత్త స్టేడియంల ఆడిండ్రు. క్లబ్ ఇప్పటికి అభిమానులదే. మనకు వాళ్ళ లెక్క వందేండ్ల అలవాటు లేదు, క్లబ్ మన ఊర్ల ఉన్నది ఆరేండ్లే, అందుల రెండు సీజన్లు గోవాలనే పాయె, అయినా గూడ నేను రోజు దీని గురించే ఆలోచిస్తున్న.

అందుకే నేనంటున్న, ఫుట్‌బాల్ చప్పగ అయింది అనకు. క్లబ్ ఊరిదని మర్చిపోయినకాడ చప్పగైంది. 2025 మేల క్రిస్టల్ ప్యాలెస్ ఎఫ్ఏ కప్ గెలిచినప్పుడు చూడకపోతివి, సౌత్ లండన్ క్లబ్, చరిత్రల మొదటి పెద్ద ట్రోఫీ, ఎజే 16వ నిమిషంల గోల్, వాళ్ళ గోల్‌కీపర్ హెండర్సన్ పెనాల్టీ ఆపిండు, అవతల మాంచెస్టర్ సిటీ. వెంబ్లీల ముసలోళ్ళు మనవళ్ళను పట్టుకోని ఏడుస్తున్నరు. నేను గూడ ఏడ్చిన. ఇదే ఆధునిక ఫుట్‌బాల్ల, ఇదే వీఏఆర్‌తోని, ఇదే పైసలతోని జరిగింది.

2024 డిసెంబర్ 31న గచ్చిబౌలిల సంతోష్ ట్రోఫీ (రాష్ట్రాల టీమ్‌ల టోర్నీ) ఫైనల్‌కు పోయిన, నీకు చెప్పలే అప్పుడు. బెంగాల్, కేరళ. మనోళ్ళు లేరు ఫైనల్ల, అయినా ఈ ఊర్ల బతుకుతున్న మలయాళీలు, బెంగాలీలు పిల్లలతోని వచ్చిన్రు. ఇంజూరీ టైంల బెంగాల్ ఆటగాడు రాబీ హన్స్‌దా గోల్ కొట్టిండు, 1-0. లైన్స్‌మన్ జెండా లేవలే, అంతే, గోల్! ఎవ్వడు ఏ స్క్రీన్ దిక్కు చూడలే. పక్కన కూసున్న బెంగాలీ ఆయన తెల్వని నన్ను గట్టిగ పట్టుకున్నడు. చాలా ఏండ్ల తర్వాత నేను అట్ల ఏ అనుమానం లేకుంట అరిచిన.

ఇక్కడ ఆట ఇంకా ఉంది రా. మన హైదరాబాద్ క్లబ్ శ్రీనిధి డెక్కన్ ఐఎస్ఎల్ కింది అంచె ఐ-లీగ్ల వరుసగ రెండు సీజన్లు రెండో స్థానంల నిలిచింది, మన దోస్తులల్ల ఎంతమందికి తెలుసు చెప్పు. నిజామాబాద్ దిక్కు తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఇండియా టీమ్‌కు ఆడుతుంది, ఆ పిల్ల వింగ్ మీద ఉరుకుతుంటే చూడాలె నువ్వు. సికింద్రాబాద్ గ్రౌండ్లల్ల పొద్దున ఆరింటికి ఇప్పటికి పోరలు షూస్ లేకుంట ఆడుతున్నరు. వీళ్ళకు చూసేటోళ్ళు కావాలె, టికెట్ కొనేటోళ్ళు కావాలె, పేరు పెట్టి పిలిచేటోళ్ళు కావాలె. నీ అసుంటోడు అలిగి ఇంట్ల కూసుంటే నష్టం ఆ పెద్ద క్లబ్ ఓనర్లకు కాదు, వాళ్ళకు నువ్వు పోయిన సంగతి గూడ తెల్వదు.

సంక్రాంతి సెలవులకు వస్తనన్నవ్ కదా. ఆ వారంల సిటీల ఏ మ్యాచ్ ఉన్నా సరే, లోకల్ లీగ్‌దైనా సరే, నేను కనుక్కోని పెడ్త, బన్నీగాన్ని గూడ తీస్కరా, వాడు ఇంతవరకు గ్రౌండ్ల మ్యాచ్ చూడలేదన్నవ్ కదా. చెల్లెను అడిగిన అని చెప్పు. ఏ రోజు దిగుతున్నవో వాట్సాప్ల పెట్టు, స్టేషన్‌కు నేనే వస్తా.

నీ,
వేణు