లుముంబాకు ఆ ముద్ర తగదు

సంపాదకులకు నమస్కారం.

కాంగో గనుల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. కానీ అందులో ఆ దేశపు తొలి ప్రధాని పాట్రిస్ లుముంబాను 'కమ్యూనిస్టు ప్రధాని' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది సరికాదు.

1960 జూన్ 30న బెల్జియం పాలన నుంచి కాంగోకు స్వాతంత్ర్యం వచ్చేనాటికి సైన్యంలో ఆఫీసర్లంతా బెల్జియం వాళ్లే. సైన్యాధిపతి జాన్సెన్స్ బ్లాక్‌బోర్డు మీద 'స్వాతంత్ర్యానికి ముందు = స్వాతంత్ర్యం తర్వాత' అని రాసి మరీ చూపించాడు. సిపాయిలు ఊరుకుంటారా? జూలై 5న తిరగబడ్డారు. బెల్జియం మళ్లీ బలగాలను దించింది. 11న, రాగి గనులున్న కటంగా రాష్ట్రం విడిపోతున్నానంది. అప్పుడు లుముంబా ముందుగా సాయం అడిగింది ఐక్యరాజ్యసమితిని. నెలాఖరుకు వాషింగ్టన్ కూడా వెళ్లాడు, అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ మాత్రం కలవలేదు. అంతకుముందే ఒక అమెరికన్ వ్యాపారితో దేశ వనరుల మీద ఒప్పందానికి సంతకం పెట్టాడు. కమ్యూనిస్టు చేసే పనేనా ఇది! కటంగాను బలవంతంగా లొంగదీయడం తమ పని కాదని సమితి చెప్పాకే ఆయనకు సాయంగా సోవియట్ విమానాలు వచ్చాయి.

మనలో చాలామందికి ఆ పేరు మాస్కోలోని లుముంబా యూనివర్సిటీ వల్లే తెలుసు. మనవైపు నుంచి వెళ్లి అక్కడ చదివొచ్చిన వాళ్లున్నారు. బహుశా అందుకే ఈ పొరపాటు. ఆ పేరు పెట్టింది ఆయన చనిపోయాక, 1961 ఫిబ్రవరిలో.

నేను పోస్టాఫీసు గుమాస్తాగా రిటైరయ్యాను. కాంగోలోని స్టాన్లీవిల్ పట్నంలో లుముంబాదీ అదే ఉద్యోగం. ఆఫీసు డబ్బు వాడుకున్న కేసులో 1956లో జైలుకు వెళ్లాడు. క్యాష్ లెక్క చూసినవాణ్ణి, దాన్ని వెనకేసుకురాను. అంతకన్నా ఘోరం, 1960 ఆగస్టు చివర్లో కాంగోలోని దక్షిణ కసాయి ప్రాంతానికి ఆయన పంపిన సైన్యం బలుబా తెగ జనాన్ని ఊచకోత కోసింది. తప్పుపట్టాలంటే ఇవి ఉన్నాయి కదా, లేనిది అంటగట్టడం ఎందుకు?

పాత సంగతేగా, ఒక్క మాటకు ఇంత లేఖా అనుకోవచ్చు. సోవియట్ల మనిషన్న అనుమానంతోనే అమెరికా గూఢచారి సంస్థ ఆయనకు విషం పెట్టించాలని చూసింది. 1975లో ఆ దేశ సెనేట్ కమిటీయే ఈ విషయం బయటపెట్టింది. ఆ విషం వాడే అవసరం రాలేదు. 1961 జనవరి 17న కటంగాలో బెల్జియం ఆఫీసర్ల కళ్లెదుటే ఆయన్నీ, సహచరులు మ్పోలో, ఒకిటోలనూ కాల్చి చంపారు.

వచ్చే ఆదివారం ఆ పదానికి సవరణ వేయగలరని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, తెనాలి