రెండు ప్లగ్గులు విప్పి ఆయిల్ చూడమన్నందుకు ఏడు వారాలు తిప్పారు

కస్టమర్ కేర్ హెడ్ గారికి,

సార్, లేదా మేడమ్, మీరెవరో నాకు తెలీదు, ఈ ఏడు వారాల్లో మీ దాకా నన్ను ఎవరూ రానివ్వలేదు కాబట్టి. అందుకే ఈ లెటర్ మీ హెడ్డాఫీసు అడ్రస్‌కి స్పీడ్ పోస్టులో పంపిస్తున్నా, మెయిల్ కూడా పెడుతున్నా. దయచేసి మళ్ళీ ఇది ఆ కాల్ సెంటర్‌కే ఫార్వర్డ్ చెయ్యకండి.

ముందే చెప్పేస్తున్నా, బండికి రిపేర్ వచ్చిందని కాదు నా బాధ. బండన్నాక ఏదో ఒకటి వస్తుంది, ఇనుమే కదా. నేను అడిగింది నా ఫోర్ వీల్ డ్రైవ్ బండి గేర్ బాక్స్‌లో ఆయిల్ ఎంతుందో, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ బలం పంచే ట్రాన్స్‌ఫర్ బాక్స్‌లో ఎంతుందో, ఆయిల్ కన్నానికి మూతలా బిగించిన ప్లగ్గు విప్పి ఒక్కసారి చూడండి అని. అంతే. తెలిసినోడికి అరగంట పని. ఆ పని చెయ్యకుండా చేశామని కాగితం మీద టిక్కు పెట్టి, అడిగితే నన్నే అబద్ధాలకోరుని చేశారు చూడండి, అది నాకు నిద్ర పట్టనివ్వట్లేదు.

నేను మధురవాడలో ఉంటాను. కాఫీ గింజలు, మిరియాలు, పసుపు కొనడానికి వారానికి రెండుసార్లు ఏజెన్సీ కొండ ఊళ్ళకి వెళ్తాను, పాడేరు, హుకుంపేట, జి.మాడుగుల అటువైపు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి నాకు బీచ్ రోడ్డులో తిప్పుకోడానికి కాదు, లోపలి ఊళ్ళకి వేరే బండి పోదు కాబట్టి. జూలైలో గట్టిగా వాన పడ్డ రోజు తిరిగొస్తుంటే ఒక గెడ్డ, అంటే వాగు, పొంగింది, బస్తాలతో సహా దాటాల్సొచ్చింది, నీళ్ళు డోర్ల అంచు దాకా వచ్చాయి. దాటేశాం, ఏమీ కాలేదు. కానీ అప్పటిదాకా ఘాట్ ఎక్కి దిగి సలసలా కాగిపోతున్న గేర్ బాక్స్ ఒక్కసారిగా చల్లనీళ్ళలో మునిగితే లోపలి గాలి ముడుచుకుపోయి ఆయిల్ కారకుండా ఆపే సీళ్ళ సందుల్లోంచో, గాలాడే బ్రీదర్ పైపులోంచో నీళ్ళు లాక్కుంటుంది, ఆయిల్ మజ్జిగలా తెల్లగా అయిపోతుంది, అలాగే నడిపితే బేరింగులు పోతాయి. ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు, లోతు నీళ్ళలో దిగాక చూపించుకోమని మీరిచ్చిన పుస్తకంలోనే ఉంది. అందుకే మర్నాడు పొద్దున్నే మీ సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్ళాను.

అక్కడ సర్వీస్ అడ్వైజర్ కుర్రాడు బండి వైపు కూడా చూడకుండా, ట్యాబ్‌లో ఏదో నొక్కుకుంటూ, "అది లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, చూడక్కర్లేదు" అన్నాడు. లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫ్ బాబూ, బండిదా వారంటీదా అని అడిగా, జవాబు లేదు. నేను గట్టిగా అడిగాక సరే రాసుకుంటానన్నాడు. సాయంత్రం బండి ఇచ్చారు, బిల్లు కట్టాను, బండికి చేసిన పనులు రాసిచ్చే జాబ్ కార్డులో గేర్ బాక్స్ ఆయిల్ లెవెల్ ఓకే, ట్రాన్స్‌ఫర్ బాక్స్ ఆయిల్ లెవెల్ ఓకే అని రెండు టిక్కులు. ఇంటికొచ్చి ఎందుకో అనుమానమొచ్చి టార్చ్ పట్టుకుని కింద దూరి చూస్తే, రెండు ప్లగ్గుల మీదా ఆ గెడ్డ దగ్గర పట్టిన ఎర్రమట్టి ఎండి అట్టలు కట్టి అలాగే ఉంది. స్పానర్ పెట్టిన గుర్తు కాదు కదా, వేలు పెట్టిన గుర్తు కూడా లేదు. ఫొటోలు తీశాను, టైమ్ కూడా పడింది వాటి మీద.

మర్నాడు ఫొటోలు చూపిస్తే అదే కుర్రాడు "చూశాం సార్, దార్లో మళ్ళీ మట్టి పట్టిందేమో" అన్నాడు. మీ సర్వీస్ సెంటర్ నుంచి మా ఇంటికి మొత్తం హైవేనే, ఆ రోజు చినుకు కూడా లేదు. నా వయసు యాభై రెండు, వాడు మా అబ్బాయి ఈడు వాడు, అందరి ముందూ నన్ను అలా అనేసరికి నోట మాట రాలేదు, తిరిగొచ్చేశాను.

అప్పుడు మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. మొదటిసారి ఇరవై నిమిషాలు పాట వినిపించి కట్ అయింది. రెండోసారి ఒకబ్బాయి అంతా రాసుకుని 48 గంటల్లో కాల్ వస్తుందని కంప్లైంట్ నంబర్ ఇచ్చాడు. కాల్ రాలేదు కానీ మూడో రోజు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైంది, రేటింగ్ ఇవ్వండి అని! మళ్ళీ ఫోన్ చేస్తే ఇంకో అమ్మాయి, మళ్ళీ బండి నంబర్ దగ్గర్నుంచి మొదలు. గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ బాక్స్ అని చెప్తుంటే "ట్రాన్స్‌ఫరా సార్, ఒక్క నిమిషం" అని బండి పేరు మార్పిడి చేసే సెక్షన్‌కి కలిపేసింది. ఆయన నన్ను అమ్మినవాళ్ళ ఆధార్ కాపీ అడుగుతున్నాడు. ఆ అమ్మాయిని నేనేం అనను, ఆమెకి ఎవరైనా చెప్పి ఉంటే కదా తెలిసేది. ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళు అమ్ముకునే కంపెనీ ఫోన్ ఎత్తే మనిషికి గేర్ బాక్స్ వెనకాల ట్రాన్స్‌ఫర్ బాక్స్ అని ఒకటుంటుందని, దాని ఆయిల్ వేరు, దాని ప్లగ్గు వేరు అని చెప్పకుండా కూర్చోబెడితే తప్పు ఎవరిది?

ఆ తర్వాత ఏరియా మేనేజర్ గారు గురువారం నాలుగింటికి ఫోన్ చేస్తారన్నారు. గురువారం నేను ఏజెన్సీకి వెళ్ళే రోజు, అక్కడ చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, అందుకని కొనుగోలు మానుకుని ఇంట్లో కూర్చున్నాను. ఏడింటి దాకా ఫోన్ పక్కనే పెట్టుకుని ఉన్నాను. చెయ్యలేదు. నా కోసం బస్తాలు మోసుకుని రోడ్డు దాకా దింపిన రైతులు ఆ రోజు వెనక్కి మోసుకెళ్ళారు. ఇది మీ రికార్డుల్లో ఎక్కడా ఉండదు.

అప్పటికీ వదల్లేదు నేను. అపాయింట్‌మెంట్ తీసుకుని మళ్ళీ వెళ్ళాను, ఈసారి నా కళ్ళ ముందే విప్పాలి అన్నాను. లిఫ్టులు ఖాళీ లేవని బండి ముందు చక్రాలు రెండూ జాకీ మీద లేపి ఒక కుర్రాడు కిందకి దూరాడు. అయ్యా, ఇంజన్ ఆయిల్ లాగా దీనికి కొలిచే కడ్డీ ఉండదు కదా, పక్కనున్న కన్నం అంచుకి ఆయిల్ తగిలితే సరిపోయినట్టు, మరి బండి సగం పైకి లేపితే ఆయిల్ అంతా వెనక్కి పోతుంది, అప్పుడు చూసే లెవెలుకి అర్థమేముంది, బండి సమంగా ఉండాలి కదా అని చెప్పాను. ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ వచ్చి "కస్టమర్లు ఇక్కడ నుంచోకూడదు సార్, లాంజ్‌లో కూర్చోండి, టీ తాగండి" అని పంపించేశాడు. అరగంటాగి వచ్చి ట్రాన్స్‌ఫర్ బాక్స్ ప్లగ్గుకి సరిపోయే స్పానర్ కనపడట్లేదు, కానీ కింద చుక్క కూడా లీకేజ్ లేదు, బండి పర్ఫెక్ట్ అన్నాడు. నాకు టీ వద్దు సార్. మా ఇంట్లో కాఫీ ఉంది, టీ ఉంది. నాకు కావాల్సింది ఆ ప్లగ్గు విప్పడం.

చివరికి గాజువాక ఆటోనగర్‌లో మా నాన్నగారి జీపు చేసిన మెకానిక్ బాబాయి దగ్గరికి వెళ్ళాను. డెబ్భై ఏళ్ళు ఉంటాయి ఆయనకి. బండిని గొయ్యి మీద సమంగా నిలబెట్టి చల్లారనిచ్చాడు. "బాబూ, ఈ ప్లగ్గులు ఎవలూ ముట్టుకోనేదు" అన్నాడు చూడగానే. వైర్ బ్రష్‌తో మట్టంతా దులిపి గుడ్డతో తుడిచి, లేకపోతే విప్పగానే మట్టి లోపల పడుద్దని, అప్పుడు ముందు నింపే ప్లగ్గు విప్పాడు. కింద డ్రెయిన్ ప్లగ్గు ముందు విప్పకూడదంట, ఆయిల్ అంతా పోయాక పై ప్లగ్గు బిగుసుకుపోయి రాలేదనుకోండి, మళ్ళీ పోసే దారుండదు, బండి అక్కడే ఆగిపోద్ది. గేర్ బాక్స్ కన్నంలో చిటికెన వేలు పెట్టి కిందకి వంచితే వేలికి ఆయిల్ తగల్లేదు. ట్రాన్స్‌ఫర్ బాక్స్ ప్లగ్గు ఇలా వదులు చెయ్యగానే అలా బొళబొళా కారిపోయింది, ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ ఉంది. దీంట్లో తగ్గింది దాంట్లోకి పోయింది, రెంటికీ మధ్యలో ఉండే సీలు పోయింది అన్నాడు. అందుకే కింద చుక్క పడలేదు. కింద చుక్క పడలేదని చూసి పర్ఫెక్ట్ అన్నారు మీ వాళ్ళు, ఆయిల్ లోపల్లోపలే పోతోంది సార్! నీళ్ళు చేరలేదు, రంగు బాగానే ఉంది, అది దేవుడి దయ. ఇంకో నెల అలాగే ఘాట్ ఎక్కుంటే గేర్ బాక్స్ పళ్ళు ఎండిపోయి అరిగిపోయేవి. బాబాయి గేర్ బాక్స్‌లో కన్నం అంచు దాకా పోసి, రెండో దాంట్లో ఎక్కువున్నది కారనిచ్చి ప్లగ్గులు బిగించి, సీలు మాత్రం వారంటీలోనే వేయించుకో అని చెప్పి పంపాడు, పోసిన ఆయిల్‌కి తప్ప పైసా తీసుకోలేదు.

ఆ వీడియో మీకు మెయిల్ చేశాను. పదకొండు రోజుల తర్వాత వచ్చిన జవాబు రెండు లైన్లు, బయట మెకానిక్ చేత ఓపెన్ చేయించారు కాబట్టి వారంటీ వర్తించదు అని. మీరు విప్పరు, వేరేవాళ్ళు విప్పితే నేరం. మరి నేనేం చెయ్యాలి, ఆ రెండు లైన్లు రాసినాయన చెప్పాలి.

సార్, ఇది మా ఇంట్లో మీ కంపెనీ మూడో బండి. మొదటిది మా నాన్నగారు కొన్నారు. రెండోది నేను కొన్నాను, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊరంతా చెట్లు, స్తంభాలు పడిపోయి, కరెంటు లేక, నీళ్ళు లేక అల్లాడినప్పుడు ఆ బండిలోనే మా వీధి మొత్తానికి నీళ్ళ డ్రమ్ములు తెచ్చాను, కొమ్మల మీద నుంచి ఎక్కించుకుంటూ. ఆ రోజు నుంచీ మీ బండంటే నాకు ఇంట్లో మనిషి లెక్క. మా బావమరిది చేత కొనిపించాను, పాడేరులో ఇద్దరు వ్యాపారస్తుల చేత కొనిపించాను. ఈ మూడోది తీసుకున్న రోజు సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ చేయిస్తుంటే మీ సేల్స్ వాళ్ళు వచ్చి పక్కన నుంచుని ఫొటోలు దిగి, "ఏ అవసరమొచ్చినా ఒక్క ఫోన్ కొట్టండి సార్" అన్నారు. ఇప్పటికి నేను కొట్టిన ఫోన్లు ముప్పై ఒకటి. లెక్క రాసిపెట్టాను, కావాలంటే పంపిస్తా.

ఆ సీలు మార్చి, రెండు బాక్సుల్లోనూ పాత ఆయిల్ తీసి కొత్తది పోయాలి, బండి సమంగా పెట్టి నా ముందే లెవెల్ చూడాలి, అది ఎలాగూ చెయ్యాల్సిందే. కానీ దానితో అయిపోదు. విప్పకుండానే టిక్కు పెట్టామని మీ లెటర్‌హెడ్ మీద రాసివ్వాలి. నాలాగే గెడ్డలు దాటి వచ్చిన బళ్ళు ఇంకెన్ని ఉంటాయో, వాటి జాబ్ కార్డుల్లో ఎన్ని టిక్కులు ఇలాంటివో ఆలోచించండి. ఘాట్‌లో దిగుతుంటే గేర్ పట్టేస్తే లోయలోకి పోయేది నేనొక్కడినే కాదు, వెనకాల ఎక్కించుకున్న మనుషులు కూడా.

పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత 1915కి ఫోన్ చేసి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో రాయిస్తాను, అక్కడితో ఆగను, 2019 చట్టం ప్రకారం నేను ఉండే చోటే జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లో కేసు వేసుకోవచ్చు, మీ హెడ్డాఫీసు ఊరికి తిరగక్కర్లేదు. అప్పుడు సీలు అడగను, బండే వెనక్కి తీసుకోమంటాను. ఈలోపు రోజూ పొద్దున మీ షోరూమ్ తెరిచే టైముకి ఈ ఫొటోలన్నీ ఫ్లెక్సీ వేయించి బండికి కట్టి ఎదురుగా రోడ్డు మీద పెట్టుకుని కూర్చుంటాను, బండి కొనడానికి వచ్చే ప్రతి మనిషికీ కథ మొత్తం చెప్తాను. బెదిరింపు అనుకుంటే అనుకోండి. ఏడు వారాలు మర్యాదగానే అడిగాను.

జాబ్ కార్డులు రెండు, మట్టి ఫొటోలు, ఆటోనగర్ వీడియో ఉన్న పెన్‌డ్రైవ్, మీరు రాసిన రెండు లైన్ల మెయిల్ ప్రింటు జతచేశాను. ఫోన్ చేసేది మీరే అయితే సోమవారం, గురువారం తప్ప ఎప్పుడైనా చెయ్యండి. ఆ రెండు రోజులూ కొండ మీద ఉంటాను, ఈసారి ఎవరి కాల్ కోసమూ పని మానుకోను.

ఇట్లు,
మీ కస్టమర్,
మధురవాడ, విశాఖపట్నం