నా పట్నానికి నీరటి దొరికిండు

మొన్న దేవరకొండ నుంచి వచ్చేటప్పుడు బస్సుల నోటుబుక్కు మరిచి దిగిన. అండ్ల నేను అల్లుకుంటున్న కథల పట్నం ఉంది. కోట, కచేరి, పన్నులు, పంచాయితీలు, నడుమ పెద్ద చెరువు. పానగల్ ఉదయసముద్రం చూసే ఆ చెరువు రాసుకున్న. ఛాయా సోమేశ్వరుని గుడిల కదలని నీడ ఉంటది గదా, దాన్ని గూడ తెచ్చి కచేరి గోడకు పెట్టిన.

నల్లగొండ బస్టాండు కాడి చాయ్ హోటల్ల అడిగితే, ఎవరో ఇచ్చిపోయిన్రని పుస్తకం చేతిల పెట్టిండు. ఓ పేజీ అంచున పెన్సిల్ రాత: "రాజు, మంత్రి, కొత్వాలు అందరున్నరు. తూము ఎత్తేదెవరు? చివరి మడికి నీళ్లెట్ల పారుతయ్? నీరటి ఏడి?"

నీరటంటే చెరువు తూము ఎత్తి, వంతుల ప్రకారం మడులకు నీళ్లు పారిచ్చేటాయన. నవ్వొచ్చింది, సిగ్గూ అయింది.

అన్ననో అక్కనో, మీకు శానా థాంక్స్. ఇప్పుడు రాజు గూడ తన వంతు కోసం నీరటి ఇంటి ముంగట నిలబడుతుండు. ఆ హోటల్ల మీ చాయ్ పైసలు కట్టిన, తాగిపోండ్రి.